సింటాక్స్ (కోడు రాసే నియమాలు) మారితే కోడు చదవడం తేలికవుతుందా?

హన్మకొండ బోధకుడు:
డిగ్రీ విద్యార్థులకు పదేళ్లుగా సీ, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు రెండూ బోధిస్తున్నాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు లాజిక్ కంటే గుర్తుల దగ్గరే ఎక్కువగా తడబడతారు. సరిగ్గా 35 మార్కులు వచ్చిన వారెందరో లెక్కపెట్టమంటే, గత వారం ఒక అమ్మాయి సీ ప్రోగ్రాంలో షరతు చెప్పే ఇఫ్ పక్కన రెండు ఈక్వల్ గుర్తులకు బదులు ఒకటే పెట్టింది. దాంతో పోలిక జరగాల్సిన చోట ప్రతి ఒక్కరి మార్కులూ 35గా మారిపోయి, తరగతిలోని 60 మందీ లెక్కలోకి వచ్చేశారు. వార్నింగులు చూపే ఆప్షన్ మేము పెట్టుకోలేదు కనుక కంపైలర్ (కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) ఏమీ అనలేదు. ఆ అమ్మాయి గంటసేపు వెతికింది. పైథాన్‌లో అదే తప్పు చేస్తే ప్రోగ్రాం మొదలే కాదు. మీ అనుభవాలు తెలియజేయగలరు.

కాజీపేట ప్రోగ్రామర్:
సార్, పైథాన్ ఆ ఒక్క చోట కాపాడుతుంది గానీ, అందులో వరుస మొదట్లో వదిలే ఖాళీలకే అర్థం ఉండటం వల్ల మరో రకం చిక్కు వస్తుంది. మా బృందంలో ఒకరు వాట్సాప్‌లో వచ్చిన కోడును అతికించి, చెదిరిన వరుసలను చేత్తో సర్దినప్పుడు, మళ్లీ మళ్లీ నడిచే లూపు లోపల ఉండాల్సిన కూడిక వరుస బయటికి జరిగింది. ఎర్రర్ రాలేదు, మొత్తంలో చివరి బిల్లు ఒక్కటే చేరింది. ఏ వరుసలు దేని కిందివో ఫ్లవర్ బ్రాకెట్లతో చూపే సీ లాంటి భాషలో అయితే ఎడిటరే వరుసలను తిరిగి సర్దేది. అయినా నెలల తర్వాత పాత కోడు తెరిచినప్పుడు నాకు పైథానే తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే కంటికి కనిపించే మెట్లూ యంత్రం చదివే మెట్లూ అందులో ఒకటే.

జగిత్యాల విద్యార్థిని:
అన్నా, ఆ రెండూ వేరైతే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ వారి భద్రతా కోడులో బయటపడింది. నేరుగా 'ఫెయిల్' అనే చోటికి దూకమనే 'గోటూ ఫెయిల్' వరుస పొరపాటున రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేనందున రెండోది ఇఫ్ కిందిదిలా కనిపిస్తూనే ప్రతిసారీ నడిచి, డిజిటల్ సంతకం సరిచూసే పనిని దాటవేసింది.

ఒక చోట మాత్రం నాకు సీ పద్ధతే దగ్గరగా ఉంటుంది. "35 వస్తే పాస్, లేకపోతే ఫెయిల్" అని మనం షరతును ముందే చెబుతాం. సీలో ప్రశ్న గుర్తుతో రాసే ఒక్క వరుస షరతు కూడా అదే క్రమంలో సాగుతుంది. 2006లో పైథాన్ 2.5 తెచ్చిన రూపంలో "పాస్, 35 వస్తే, లేకపోతే ఫెయిల్" అన్నట్టు ఫలితం ముందుకొస్తుంది. నేను ఇప్పటికీ దాన్ని మధ్య నుంచి మొదలుపెట్టి చదువుకుంటాను.

హన్మకొండ బోధకుడు:
అమ్మా, షరతు గురించి మీరు చెప్పినది నాకు ఇన్నాళ్లూ తట్టలేదు; రేపు బోర్డు మీద రెండు రూపాలూ పక్కపక్కన రాసి చూపిస్తాను. ఒకే వరుస ఉన్న ఇఫ్‌కు కూడా బ్రాకెట్లు పెట్టకపోతే, ఈ సెమిస్టరు నుంచి సీ ల్యాబ్ రికార్డుపై సంతకం పెట్టను.