పెన్ తీశాక ఇన్సులిన్ చుక్క బయటికొస్తోంది, డోస్ తక్కువ పడుతున్నట్టా?

కొత్త_పెన్:
అమ్మకి ఇన్సులిన్ పెన్ మొదలుపెట్టి మూడు వారాలైందండి, రాత్రిపూట 14 యూనిట్లు, నేనే వేస్తున్నా. మొదట్లో బానే ఉండేది, నాలుగైదు రోజుల నుంచి నీడిల్ తీయగానే చర్మం మీద ఓ చుక్క, ఒక్కోసారి నీడిల్ చివర్నించి కూడా కారుతూనే ఉంటోంది. అంటే 14 పూర్తిగా వెళ్ళట్లేదా? ఫాస్టింగ్ ఒకరోజు 130, ఒకరోజు 210, ఏం అర్థం కావట్లేదు. పోయినదానికి బదులు ఇంకో రెండు యూనిట్లు వేద్దామనిపించింది గానీ భయమేసి ఆగా. పెన్ లోపల మందుండే గొట్టంలో (కార్ట్రిడ్జ్) గాలి బుడగ కూడా ఉంది. నీడిల్ 4 ఎంఎం, వారానికి ఒకటి వాడుతున్నా, ప్రతిసారీ తీయడం ఎందుకని పెన్‌కే ఉంచి ఫ్రిజ్‌లో పెడుతున్నా. ఇంత పొట్టి సూది సరిపోదేమో, 8 ఎంఎం తెచ్చుకోమంటారా?

రాత్రి_డ్యూటీ:
ఆగి మంచి పని చేశారు. చుక్క పోయిందని మళ్ళీ వెయ్యొద్దు, లోపలికి ఎంత వెళ్ళిందో మనకి తెలీదు, పైన ఇంకో రెండు వేస్తే అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. నేను నర్స్‌ని, ఈ చుక్క గోల రోజూ వింటా. డయల్‌లో సున్నా కనపడగానే పెన్ లాగేస్తున్నారేమో చూడండి. సున్నా వచ్చాక కూడా బటన్ నొక్కే ఉంచి పది సెకన్లు ఆగాలి, నీడిల్ బయటికొచ్చాకే బొటనవేలు తీయాలి. గడియారం చూసి లెక్కపెట్టండి, కంగారులో మన పది నాలుగు సెకన్లకే అయిపోతుంది :)
ఆ బుడగ మాత్రం నీడిల్ ఉంచేయడం వల్లే. చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పోతుంది, వేడెక్కినప్పుడు ఇన్సులిన్ కారుతుంది. బుడగ ఉంటే నొక్కినప్పుడు ముందు గాలి నలుగుతుంది, తర్వాత మందు మెల్లగా వస్తుంది, మీరు పెన్ తీసేశాక కూడా కారుతోందంటే అదే. ప్రతిసారీ కొత్త నీడిల్ పెట్టి, సూది పైకి పట్టుకుని, రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క కనపడిందో లేదో చూడండి, రాకపోతే మళ్ళీ వదలండి. ఆ తర్వాతే 14 పెట్టాలి, ముందు వదిలింది ఇందులోకి రాదు.
8 అక్కర్లేదు. చర్మం మందం రెండు, రెండున్నర ఎంఎం, దాని కింద కొవ్వులోకే వెళ్ళాలి కాబట్టి లావుగా ఉన్నవాళ్ళకైనా 4 చాలు. పొడుగు సూది కండలోకి దిగితే మందు గబుక్కున పనిచేస్తుంది, అది ఇంకో తలనొప్పి.

నాన్న_పెన్:
అడగడానికే ఎలాగో ఉంది గానీ లోపలి చిన్న క్యాప్ తీస్తున్నారు కదా? మా నాన్న నాలుగు రోజులు పైది ఒక్కటే తీసి, లోపలిది అలాగే ఉంచి పొట్టకి ఆనించి నొక్కేశాడు. డయల్ సున్నాకి వస్తుంది కదా, పడిందనే అనుకున్నాడు పాపం. షుగర్ 400 దాటింది, ఫోన్‌లో అడిగితే డోస్ పెంచమన్నారు, ఎలా వేసుకుంటున్నావో చూపించు అని మాలో ఒక్కరూ అడగలేదు. కొన్ని సేఫ్టీ నీడిల్స్‌కి లోపలి క్యాప్ ఉండదు, వాటికి అలవాటుపడి మామూలు నీడిల్‌కి మారినవాళ్ళు ఇంకా జాగ్రత్త.

కొత్త_పెన్:
లేదండి రెండూ తీస్తున్నా. పది సెకన్లు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. ఇంకోటి, రోజూ బొడ్డుకి ఎడమ పక్కనే వేస్తున్నా, అక్కడైతే నొప్పి లేదంటుంది అమ్మ.

టైప్‌వన్_పాతకాపు:
నొప్పి లేదన్న చోటే అనుమానించాలి బ్రదర్. అక్కడ వేళ్ళతో మెల్లగా నొక్కి పక్క చర్మంతో పోల్చి చూడండి. ఒకేచోట పొడుస్తుంటే కింద కొవ్వు గడ్డకడుతుంది, వాడిన నీడిలే మళ్ళీ వాడితే ఇంకా ఎక్కువ. గడ్డలో వేస్తే మందు ఒకరోజు ఎక్కుతుంది ఒకరోజు ఎక్కదు, మీ 130, 210 అలా కూడా అయ్యుండొచ్చు. చోటు మార్చాలి, రెండు పొడుపుల మధ్య కనీసం ఒక వేలు దూరం. కానీ డాక్టర్‌కి చెప్పకుండా పాత డోస్‌తోనే మంచి చర్మంలోకి మారిపోవద్దు, అక్కడ మందు బాగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు, నేను అలాగే చేసి తెల్లారుజామున మూడింటికి చెమటలు పట్టి లేచా, మీటర్‌లో 52.

కొత్త_పెన్:
ఇప్పుడే చూశా, చిన్న ఉసిరికాయంత మెత్తగా తగులుతోంది. ఈ రాత్రి ఎక్కడ వెయ్యాలి మరి?

రాత్రి_డ్యూటీ:
డోస్ టైమ్ కాకముందే ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, గడ్డ ఉందని, చోటు మారుస్తున్నామని చెప్పి ఎన్ని యూనిట్లో అడగండి, రేపటిదాకా ఆగొద్దు. పక్కన మీటర్, ఏదైనా తీపి ఉంచుకోండి. వాడిన నీడిల్‌కి లోపలి చిన్న క్యాప్ మళ్ళీ తొడగొద్దు, వేలికి గుచ్చుకునేది అక్కడే, పెద్ద క్యాప్ పెట్టి తిప్పి తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి. వెనకవైపు కూడా సూది ఉంటుంది, చాలామంది అది మర్చిపోతారు.