మేమంద్ జనాభా ఎంతని రాయాలి?

దారితప్పినోడు: ఇరాన్ పల్లెల మీద తెలుగులో చిన్న పరిచయాలు రాస్తున్నాను. అందరూ వాడే మూస ఒకటుంది: ఫలానా ప్రావిన్సు, ఫలానా జిల్లా, జనాభా ఇంత, కుటుంబాలు ఇన్ని. కెర్మాన్ ప్రావిన్సులో షహ్రే బాబక్ దగ్గరి మేమంద్ దగ్గర ఆగిపోయాను. పర్షియన్ మాట్లాడే ఊరు. మెత్తటి రాతిని తొలిచి కట్టుకున్న గుహ ఇళ్లు, 2015లో యునెస్కో జాబితాకెక్కాయి. ఆ జనం చలికాలం లోయలోని గుహల్లో ఉంటారు. వసంతంలో, మళ్లీ శరత్కాలంలో మందలతో కొండ మీది తాత్కాలిక మకాముల్లో ఉంటారని యునెస్కో వాళ్లు రాశారు. ఇలాంటి ఊరికి ఒకే చోటు, ఒకే అంకె వేయడం సరైనదేనా?

గణాంకదాసు: సరైనదే. మామూలుగా ఎక్కడ నివసిస్తారో అక్కడే లెక్కేస్తారు బ్రో, ఆ రోజు మేకలు ఎక్కడున్నాయో ఎవరూ చూడరు. అంకె వేసి పక్కన సంవత్సరం పెట్టు. దీనికింత టెన్షన్ ఎందుకు?

పాలమూరు టీచర్: దాసు గారూ, "మామూలు నివాసం" కాగితం మీద సులువే. 2011లో నేను ఎన్యూమరేటర్‌గా తిరిగాను. తండాలో చాలా ఇళ్లకు తాళాలు. జనం ముంబై, పుణె పనులకు పోయారు. ముసలివాళ్లను అడిగి కొందరివి రాసుకున్నాం, కొందరి సంగతి వాళ్లకే సరిగా తెలియదు. మన సెన్సస్ కూడా కాలానికి లొంగిందే కదా. లెక్క తేదీ దేశమంతటికీ 2011 మార్చి 1 అయితే, జమ్మూ కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో మంచు కురిసే ప్రాంతాలకు 2010 అక్టోబరు 1. ఇరాన్‌లో 2006, 2011, 2016 లెక్కలు మూడూ శరత్కాలంలోనే జరిగాయి. మేమంద్ వాళ్లు కొండ మీదుండే కాలం! అందుకే సంవత్సరం ఒక్కటే చాలదు, నెల కూడా వేయాలి.

గణాంకదాసు: నెల వేయడానికి నాకేం అభ్యంతరం లేదండీ. అంకె తీసేయొద్దంటున్నాను, అంతే. ప్రతి ఊరికీ అనుమానం రాసుకుంటూ పోతే చదివేవాడికి మిగిలేదేంటి?

ఎర్రచీమ: అసలు మీరు దాన్ని ఊరు అనుకుని వాదిస్తున్నారు. మేమంద్ నిజమైన ఊరే, సరే. కానీ ఇరాన్ సెన్సస్‌లో ఆబాదీల (లెక్క కోసం విడిగా పేరు పెట్టిన చోట్ల) జాబితా తీయండి, తోటలు, పొలాలు, కెర్మాన్ వైపు అయితే ఏకంగా సాగునీటి పంపులూ పేర్లతో సహా కనిపిస్తాయి. వాటన్నిటినీ "గ్రామం" అని ఇంగ్లీషు వికీపీడియాలో వేలకొద్దీ ఒక్క లైను వ్యాసాలు పెట్టేశారు. 2021లో అది బయటపడి పెద్ద రచ్చ అయింది. మన దగ్గరా రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలున్నాయి, హద్దులుంటాయి, మనిషి ఉండడు. అయినా వాటిని మనం ఊళ్లతో కలిపేయం. మూసలో జనాభా గడి కంటే ముందు "ఇక్కడ ఎవరైనా ఉంటారా" అనే గడి పెట్టాలి.

దారితప్పినోడు: ఎర్రచీమ చెప్పింది చేస్తాను. మేమంద్‌కి ఇలా రాశాను: "గుహ ఇళ్లు లోయలో ఉన్నాయి. చలికాలపు నివాసం అదే. జనాభా 2016 శరత్కాలపు లెక్క. అప్పటికి కొందరు కొండ మీది మకాముల్లో ఉండి ఉండవచ్చు."

గణాంకదాసు: "ఉండవచ్చు" ఎందుకు? యునెస్కో వాళ్లే శరత్కాలంలో పైన ఉంటారని రాశారన్నావుగా.

పాలమూరు టీచర్: అందరూ పోరు కాబట్టి. ఆ మాట అలాగే ఉంచండి.