జాక్సన్ మాక్‌లో డయాస్టిక్ పద్ధతి తెలుగులో ఎలా చేయాలి? ఆయన్ని ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

చదువరి (ప్రశ్న):

అమెరికన్ ప్రయోగ కవి జాక్సన్ మాక్‌లో గురించి రెండు సందేహాలు. ఒకటి, ఆయన పుస్తకాలు ఏ వరసలో చదివితే ఆయన దారి అర్థమవుతుంది? రెండోది, డయాస్టిక్ పద్ధతి, అంటే ఒక విత్తన పదంలోని అక్షరాల వరసను బట్టి మూల పాఠంలోంచి పదాలు ఏరడం, తెలుగుకు ఎలా కుదురుతుంది?

మూల పాఠంగా ఈ ఆరు వాక్యాలు తీసుకున్నాను: "వాన వెలిసింది. తడిసిన గోడ మీద ఎండ పడింది. మూలన బొగ్గుల బస్తా ఉంది. తాత గుమ్మం దగ్గర చెప్పులు వెతుకుతున్నాడు. గేటు బయట పిలుపు వినిపించింది. తలగడ కింద అద్దాలున్నాయి."

విత్తన పదం "తలుపు". పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్ "తడిసిన తలగడ" అని ఇచ్చి ఆగిపోతోంది. చేత్తో లెక్కపెడితే "తడిసిన పిలుపు" వస్తోంది, ఆ తర్వాత అదీ ఆగిపోతోంది. ఏది సరైనది? పాచికల మీద, యాదృచ్ఛికత మీద నడిచే పద్ధతి కాబట్టి ఏది వచ్చినా ఒప్పుకోవాలా?

వలపలగిలక:

మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను. మాక్‌లో విషయంలో పుస్తకం అచ్చయిన సంవత్సరం చూసి చదివితే తికమకే. రాసిన సంవత్సరాన్ని పట్టుకోండి. "స్టాంజాస్ ఫర్ ఐరిస్ లెజాక్" 1960లో కొన్ని నెలల్లో రాశారు, పదేళ్లు దాటాక గానీ పుస్తకం కాలేదు. "ఎసిమెట్రీస్" 1960-61లో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1980లో. "ఫార్టీస్" 1990లో మొదలై 2001 దాకా సాగాయి, పూర్తి పుస్తకం ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 2012లో వచ్చింది. అచ్చు తేదీల వరసలో పెడితే 1980లో కూడా అదే పాత పద్ధతిలో రాస్తున్నట్టు కనిపిస్తారు. నిజానికి అప్పటికి ఆయన చాలా దూరం వచ్చేశారు.

పుట్టింది షికాగోలో, 1922 సెప్టెంబర్ 12న. పోయింది న్యూయార్క్‌లో, 2004 డిసెంబర్ 8న. షికాగో విశ్వవిద్యాలయంలో చదివి 1943లో న్యూయార్క్ చేరారు. 1958లో బ్రూక్లిన్ కాలేజీలో గ్రీకు భాషలో డిగ్రీ తీసుకున్నారు. యుద్ధాన్ని వ్యతిరేకించిన శాంతివాది, ఏ పెత్తనమూ వద్దనే అనార్కిస్టు, తర్వాత బౌద్ధుడు. ఈ మూడింటినీ పక్కన పెడితే ఆయన పద్ధతులు ఉత్త అక్షరాల ఆటగా మిగిలిపోతాయి. "నేను" అనే అధికారిని పద్యంలోంచి తప్పించాలన్నది బౌద్ధం వైపు నుంచి వచ్చిన ప్రయత్నం. ప్రదర్శనలో ఎవరి మీదా ఎవరి పెత్తనమూ లేకుండా, ఒకరి మాట ఒకరు వింటూ సాగాలన్నది అనార్కిస్టు వైపు నుంచి వచ్చింది.

మొదటి మలుపు 1954 డిసెంబర్, 1955 జనవరి నెలలు. హీబ్రూ బైబిల్ ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని, పాచికలు వేసి ఐదు "బిబ్లికల్ పోయెమ్స్" చేశారు. వాటి పేర్లు అంకెల వరసలే. రెండు ఏటవాలు గీతల మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక పదం పలికేంత సేపు మౌనంగా ఉండాలి. 1950ల చివర న్యూ స్కూల్‌లో స్వరకర్త జాన్ కేజ్ తరగతికి వెళ్లారు. 1960లో "ది మారీయింగ్ మెయిడెన్" నాటకాన్ని లివింగ్ థియేటర్ అనే నాటక బృందం వేసింది. దర్శకత్వం జూడిత్ మలీనా, సంగీతం కేజ్. 1963లో స్వరకర్త లా మాంట్ యంగ్‌తో కలిసి "యాన్ ఆంథాలజీ" ప్రచురించారు. ఫ్లక్సస్ అనే కళా ఉద్యమం చరిత్ర చెప్పేవాళ్లందరూ మొదట తడిమే పుస్తకం అదే. 1964లో "ది ప్రొనౌన్స్" అని నర్తకుల కోసం నలభై పద్యాలు రాశారు, ఒక్కొక్కటి ఒక్కో నాట్యానికి సూచన.

ఇక ఆయన పాచికలు ఎప్పుడూ వదల్లేదన్నది అపోహ. "ట్వంటీస్"లోని నూరు పద్యాలు (1989-90), ఆ తర్వాతి "ఫార్టీస్" 154 పద్యాలూ అప్పటికప్పుడు తట్టిన, విన్న, కంటబడ్డ మాటలతో నేరుగా రాసినవి. "ఫార్టీస్"లో నియమమల్లా ఆకారమే: ఐదేసి పాదాల చరణాలు ఎనిమిది, మొత్తం నలభై పాదాలు. 1998 నుంచి చేసిన స్టైన్ పద్యాల్లో గెర్‌ట్రూడ్ స్టైన్ పాఠాన్ని ప్రోగ్రామ్‌లో నడిపి, వచ్చినదాన్ని తన చేత్తో దిద్దారు. 1999లో అకాడమీ ఆఫ్ అమెరికన్ పోయెట్స్ వారి వాలస్ స్టీవెన్స్ అవార్డు వచ్చింది.

ఒక్క పుస్తకమే కొనగలిగితే 2008లో ఆన్ టార్డోస్ సంపాదకత్వంలో వచ్చిన "థింగ్ ఆఫ్ బ్యూటీ" కొనండి. అన్ని దశలూ ఉంటాయి. పద్ధతుల వివరణ ఎక్కువ కావాలంటే 1986 నాటి "రిప్రజెంటేటివ్ వర్క్స్: 1938-1985". అందులో పద్యాల ముందున్న సూచనలు దాటేయకండి, ఆయన దగ్గర అవి పద్యంలో భాగమే.

న్యస్తాక్షరి:

రెండో ప్రశ్నకు నేను. ముందు పాచికల మాట సరిచేయాలి. డయాస్టిక్‌లో యాదృచ్ఛికత లేదు. అదే పాఠం, అదే విత్తనం, అదే నియమం ఇస్తే ఎన్నిసార్లు చేసినా అదే పద్యం వస్తుంది. మాక్‌లో కూడా తర్వాతి రోజుల్లో ఈ తేడాను గట్టిగా చెప్పేవారు: పాచికలు, యాదృచ్ఛిక అంకెల పట్టికలు ఒక జాతి, అక్రాస్టిక్ (విత్తనంలోని ఒక్కో అక్షరంతో ఒక్కో పదం మొదలయ్యేది), డయాస్టిక్ వేరే జాతి. ఏం వస్తుందో ముందు తెలియదు, అంతే. కాబట్టి మీకు రెండు రకాలుగా వచ్చిందంటే రెండు వేర్వేరు నియమాలు నడిచాయని అర్థం.

పద్ధతి ఇది. విత్తనంలో మొదటి అక్షరం మొదటి స్థానంలో ఉన్న పదం దొరికేదాకా పాఠం చదువుతూ పోవాలి, దొరగ్గానే రాసుకోవాలి. అక్కణ్ణుంచే ముందుకు వెళ్లి, విత్తనంలో రెండో అక్షరం రెండో స్థానంలో ఉన్న పదం పట్టుకోవాలి. తర్వాత మూడోది మూడో స్థానంలో. విత్తనం అయిపోతే కొత్త పాదం, మళ్లీ మొదటి అక్షరం. మాక్‌లో దీన్ని 1963లో మొదలుపెట్టారు. వర్జీనియా వుల్ఫ్ "ది వేవ్స్" నుంచి చేసిన పద్యాలకు ఆ నవలలోని "రిడిక్యులస్ ఇన్ పికడిలీ" అనే మాటల్నే విత్తనంగా వాడారు. ఎజ్రా పౌండ్ దీర్ఘకావ్యం "కాంటోస్" మొత్తాన్ని కవి పేరుతోనే జల్లెడ పట్టి "వర్డ్స్ ఎండ్ ఎండ్స్ ఫ్రమ్ ఎజ్" చేశారు. అందులో పూర్తి పదాలే కాదు, పదాల తోకలు కూడా వస్తాయి.

మీ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పిందంటే, అది అక్షరాల్ని కాదు, యూనికోడ్ ముక్కల్ని (కంప్యూటర్ హల్లునీ గుణింతపు గుర్తునీ విడివిడిగా దాచుకునే సంకేతాల్ని) లెక్కపెట్టింది. మనకు "పిలుపు" మూడక్షరాలు. దానికి ఆరు: ప, గుడి, ల, కొమ్ము, ప, కొమ్ము. "చెప్పులు" మనకు మూడు, దానికి ఎనిమిది. "తలుపు" దాని లెక్కలో ఐదు ముక్కలు, అందుకే "తలగడ" దొరికాక మూడో స్థానంలో ఒంటి కొమ్ము ఉన్న పదం కోసం వెతికి ఆగిపోయింది.

చేత్తో చేసింది కూడా ఎందుకు ఆగిందో చూడండి. గుణింతంతో సహా కచ్చితంగా కలవాలన్నారు కాబట్టి మూడో స్థానంలో "పు" కావాలి. "పిలుపు" వాడేశాక అలాంటి పదం లేదు. తెలుగులో వేల అక్షర రూపాలున్నాయి, ఇంగ్లీషులో 26. ఆ పద్ధతిని పూర్తి గుణింతంతో పెడితే జల్లెడ కన్ను మరీ సన్నమైపోతుంది.

దీనికి మందు మన ఛందస్సులోనే ఉంది, ప్రాస లెక్క. ప్రాసలో హల్లు కలిస్తే చాలు, అచ్చు మారొచ్చు. సంయుక్తాక్షరమైతే మొత్తం కలవాలి. పాదంలో రెండో అక్షరం మీద కన్నేసి చదవడం తెలుగువాళ్లకు అలవాటే కాబట్టి ఈ నియమం అతికించినట్టు అనిపించదు. ఆ లెక్కన మీ పాఠం మీద "తలుపు" నడపండి.

మొదటి స్థానంలో త: "తడిసిన". రెండో స్థానంలో ల: "గోడ", "మీద", "ఎండ", "పడింది" కుదరవు, "మూలన" కుదురుతుంది. మూడో స్థానంలో ప: "బొగ్గుల"లో మూడోది ల, "చెప్పులు"లో లు, "వెతుకుతున్నాడు"లో కు. "పిలుపు" దగ్గర దొరికింది. కొత్త పాదానికి త: "తలగడ". అక్కడ పాఠం అయిపోతుంది. మళ్లీ మొదటికి వెళ్లనిస్తే "వెలిసింది", తర్వాత "పిలుపు".

తడిసిన మూలన పిలుపు
తలగడ వెలిసింది పిలుపు

మూడో పాదం నుంచి రెండో పాదమే తిరుగుతూ ఉంటుంది. పాఠం చిన్నదైతే ఇలా సుడిలో పడుతుంది. కనీసం పది పేజీల వచనం పెట్టుకోండి.

చదువరి:

చాలా స్పష్టంగా ఉందండీ. అయితే "కళ", "వీణ" లాంటి విత్తనాలతో అక్రాస్టిక్ చేస్తే రెండో పదం దగ్గరే ఆగిపోతోంది, డయాస్టిక్‌లో ఆగడం లేదు. విత్తనం ఎంత పొడవుండాలి? ప్రోగ్రామ్‌ని ఎలా దిద్దుకోవాలి?

న్యస్తాక్షరి:

అక్రాస్టిక్‌లో విత్తనంలోని ప్రతి అక్షరంతోనూ ఒక పదం మొదలవ్వాలి. ళ, ణ లతో మొదలయ్యే తెలుగు పదాలు లేవు, అందుకే మూల పాఠం మహాభారతమంతా ఉన్నా ఆగుతుంది. డయాస్టిక్‌లో ఆ అక్షరం రెండో స్థానానికి జరిగింది కాబట్టి "వేళ", "గుణం", "తాళం", "రణం" లాంటివి తగులుతాయి. "నీళ్లు", "కాళ్లు" మాత్రం ప్రాస లెక్కలో రావు, అక్కడున్నది సంయుక్తం. తెలుగుకు డయాస్టిక్ ఎక్కువ కలిసొస్తుందని నా అభిప్రాయం. కారణం ఇదొక్కటే కాదు. మన భాషలో పదాల చివర ప్రత్యయాలు చేరి పొడవు పెరుగుతుంది, లోపలి స్థానాలన్నీ నిండుగా ఉంటాయి.

అందులోనే ఒక చిక్కూ ఉంది. విత్తనం ఆరేడు అక్షరాలుంటే చివరి స్థానాలు అందుకోగలిగేవి ఎక్కువగా "వెతుకుతున్నాడు" లాంటి సమాపక క్రియలే. ప్రతి పాదమూ క్రియతో ముగిసి, వచ్చేది మామూలు వాక్యంలా మొహం పెడుతుంది. అది కావాలనుకుంటే సరే. వద్దనుకుంటే మూడు, నాలుగక్షరాల విత్తనం చాలు. విత్తనం చివర "లు", "డు", "ము" పెట్టకండి, బహువచనాలు, క్రియాంతాలు వచ్చి పడతాయి.

అవధానంలో న్యస్తాక్షరి తెలిసినవాళ్లకు ఈ పద్ధతి చుట్టంలా అనిపిస్తుంది. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం ఉండాలని పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని ఛందస్సు, అర్థం చెడకుండా దాన్ని కూర్చోబెడతాడు. అక్కడ నైపుణ్యమంతా అవధానిది. మాక్‌లో ఆ కూర్చోబెట్టే పనిని పాఠానికే వదిలేశారు. పాఠం ఎంపిక, విత్తనం ఎంపిక, ఆ తర్వాత చదివే తీరు ఆయనవి.

వలపలగిలక:

ప్రోగ్రామ్ విషయం. 1989లో కవి చార్లెస్ హార్ట్‌మన్ డయాస్టిక్‌ను కంప్యూటర్‌కు ఎక్కించి మాక్‌లోకు ఇచ్చారు, ఆయన తర్వాత ఎన్నో ఏళ్లు దాని రూపాంతరాలే వాడారు. అది రోమన్ లిపికి సరిపోయేది. మనకు ముందు ఒక విడగొట్టే మెట్టు కావాలి.

గ్రాఫీమ్ క్లస్టర్ల వారీగా, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే గుంపుల వారీగా విడగొట్టే లైబ్రరీ వాడండి. గుడి, కొమ్ము, సున్న ముందున్న హల్లుకే అతుక్కుని వస్తాయి. కానీ పాత లైబ్రరీలు వత్తు దగ్గర తెంపుతాయి, "చెప్పులు" నాలుగు ముక్కలవుతుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల్లో తెలుగు సంయుక్తాలు విడిపోకుండా చూశారు. మీ లైబ్రరీ అంతకు ముందుదైతే, పొల్లుతో ముగిసిన ప్రతి ముక్కనూ తర్వాతి ముక్కకు కలిపే ఒక్క వరుస రాసుకుంటే సరిపోతుంది. పదం చివరి పొల్లును మాత్రం వదిలేయాలి. "హైదరాబాద్‌లో" వంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడని విడదీత గుర్తు ఉంటుంది, దాన్ని దాటి కలిపితే "ద్లో" అయిపోతుంది. "ద్"ను విడి అక్షరంగా లెక్కపెడతారో లేదో ముందే తేల్చుకుని రాసి పెట్టుకోండి. మధ్యలో నియమం మార్చితే వచ్చింది డయాస్టిక్ కాదు, మీకు నచ్చిన పదాల ఏరివేత.

ఫలితం వచ్చాక గట్టిగా చదవండి. మాక్‌లో వీటిని గొంతు కోసం చేశారు. "ఎసిమెట్రీస్"లో కాగితం మీద వదిలిన ఖాళీ మౌనం. పైనో కిందో ఉన్న పదాలు పలకడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు ఆగాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చదివేటట్లయితే 1961లో మొదలుపెట్టిన "గాథలు" చూడండి. గళ్ల కాగితం మీద మంత్రాన్ని గడికో అక్షరంగా రాస్తారు. ప్రతి ఒక్కరూ ఏదో ఒక గడిలో మొదలై, పక్కకో, పైకీ కిందకో, మూలకో ఆనుకుని ఉన్న గడిలోకే జరుగుతూ పలుకుతారు. తెలుగులో గడికి ఒక పూర్తి అక్షరం రాస్తే ప్రతి ధ్వనికీ అచ్చు అంటుకుని, "మ్" అని సాగదీసే చోటు పోతుంది. "ఓం మణి పద్మే హూం" రాసేటప్పుడు సున్నను విడదీసి "మ్"కు వేరే గడి ఇవ్వండి, "ద్మే"ను "ద్", "మే"గా రెండు గళ్లు చేయండి. గొంతు పెంచేముందు పక్కవాళ్లు వినపడుతున్నారో లేదో చూసుకోవాలి, వినపడకపోతే మీరే తగ్గాలి.