టవర్ లేని ఎయిర్‌పోర్టులో మొదటిసారి దిగాలి, సలహా కావాలి

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం మూడు నెలల క్రితం టెక్సాస్ వచ్చాను. అంతకుముందు బేగంపేటలో కొన్ని గంటలు ఎగిరాను. అక్కడా టవర్ ఉంది, ఇప్పుడు నేర్చుకుంటున్న చోటా ఉంది. ఏ రన్‌వే, వరుసలో నా స్థానం ఎంత, అన్నీ వాళ్లే చెబుతారు. వచ్చే వారం సోలోగా, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా వెళ్లి టవర్ లేని చోట దిగాలి. రన్‌వే ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, నేను పడమర నుంచి వస్తాను. రేడియోలో అనుమతి ఎవరిని అడగాలి? రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

డాలస్ నుంచి జవాబు

తమ్ముడూ, అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఈ దేశంలో టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులు ఐదు వందల పైచిలుకే, లేనివి వేలల్లో ఉన్నాయి. నువ్వు చేయాల్సింది అనుమతి అడగడం కాదు, కబురు చెప్పడం. 10 మైళ్ల దూరం నుంచే మొదలుపెట్టు: ఊరి పేరు, నీ విమానం రకం, ఏ దిక్కున ఎన్ని మైళ్లలో, ఎంత ఎత్తులో ఉన్నావు, ఏం చేయబోతున్నావు, మళ్లీ ఊరి పేరు.

ఊరి పేరు రెండుసార్లు ఎందుకంటే, 122.8 లాంటి ఫ్రీక్వెన్సీని చాలా ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి. కొత్తలో ఒకసారి ఎవరో ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా ఆఖరి దిగుడులో) ఉన్నానని చెప్పగానే కంగారుపడి ప్యాటర్న్ (దిగేముందు రన్‌వే పక్కన తిరిగే దీర్ఘచతురస్రపు దారి) వదిలి పారిపోయాను. మాట మొదట్లోని ఊరి పేరు గరగరలో కలిసిపోయింది, చివర్లో ఆయన చెప్పనే లేదు. తీరా చూస్తే ఆయన నలభై మైళ్ల అవతల వేరే ఊళ్లో దిగుతున్నాడు!

చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి అని అడిగే అలవాటు మాత్రం చేసుకోకు. చాలామంది అంటారు, వద్దని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రాసి మరీ చెప్పింది. అందరూ ఒకేసారి జవాబిస్తే ఎవరి మాటా వినిపించదు.

ఇక నీ అసలు చిక్కు. దక్షిణపు గాలి ఉంటే రన్‌వే 18 (దక్షిణం, అంటే 180 డిగ్రీల వైపు దిగేది) వాడతారు. ఎడమ మలుపులే మామూలు కాబట్టి డౌన్‌విండ్ (ప్యాటర్న్‌లో రన్‌వే పక్కగా, దిగే దిక్కుకు ఎదురు దిక్కులో వెళ్లే భాగం) తూర్పున పడుతుంది. చార్టులో ఎయిర్‌పోర్టు పక్కన ఆర్‌పీ అని, వెనకే రన్‌వే అంకె ఉంటే ఆ రన్‌వేకు కుడి మలుపులు, ముందే చూసుకో. ప్యాటర్న్ సాధారణంగా నేల నుంచి 1,000 అడుగులు. నేల ఎత్తు 700 అయితే ఆల్టిమీటర్‌లో (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే మీటరు) 1,700. నువ్వు దానికి 500 అడుగులు పైన, 2,200లో, రన్‌వే మధ్య మీదుగా తూర్పుకు దాటు. దాటేటప్పుడు విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) చూడు. అక్కడి నుంచి 2 మైళ్లు పూర్తిగా బయటకు వెళ్లి, అప్పుడు దిగి, కుడికి తిరిగి, 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్ మధ్యలోకి రా. డౌన్‌విండ్ మీదకు పైనుంచి దిగావో, నీ కిందనున్న వాడు నీకు కనిపించడు. జెట్లు వచ్చే చోటైతే ఇంకా పైనుంచి దాటు, వాటి ప్యాటర్న్ 1,500 అడుగులు.

కాలిఫోర్నియా నుంచి, ఇన్‌స్ట్రక్టర్ అక్క

అన్నయ్య చెప్పినదంతా సరే. ప్యాటర్న్ ఎత్తులోనే అడ్డంగా దాటి నేరుగా డౌన్‌విండ్‌లోకి మలుపు తిరిగే పద్ధతి కూడా ఉంది, ఎవరూ లేనప్పుడు. అప్పుడు 45 నుంచి వచ్చేవాళ్లకూ, డౌన్‌విండ్‌లో ఉన్నవాళ్లకూ దారి ఇవ్వాల్సింది నువ్వే. మొదటి సోలోకి నాకైతే అది నచ్చదు.

రేడియోను మరీ నమ్మకు బాబూ. అలాంటి చోట రేడియో లేకుండా ఎగరడం చాలావరకు చట్టబద్ధమే. తాబేలు లాంటి పాత పసుపు పైపర్ కబ్ విమానం ఒకటి మాటా పలుకూ లేకుండా నా ముక్కు కిందనుంచి బేస్ (డౌన్‌విండ్‌ను ఫైనల్‌కు కలిపే అడ్డ భాగం) తిరగడం కళ్లారా చూశాను. రేడియో ఉన్నా అంతే. 2022 ఆగస్టు 18న మా దగ్గర వాట్సన్‌విల్‌లో ప్యాటర్న్‌లో ఉన్న సెస్నా 152, నేరుగా ఫైనల్‌కు వేగంగా వచ్చిన రెండింజిన్ల సెస్నా 340 ఢీకొన్నాయి. ముగ్గురు పోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు.

కిందనున్న విమానానికి ముందు హక్కు అని రూలు ఉంది, ఆ వంకతో ఎదుటివాడి ముందు దూరకూడదనీ అదే రూలులో ఉంది. లెక్క తప్పిందనిపిస్తే ప్యాటర్న్ బయటకు వెళ్లి మళ్లీ రా. ఇంధనం ఆ మేరకు ఎక్కువ పోయించుకో.

అడిగిన తమ్ముడు

కాగితం మీద గీశాను. తూర్పుకు 090లో దాటి, 2 మైళ్ల తర్వాత కుడికి తిరిగితే 45 కోసం నా హెడింగ్ (ముక్కు చూసే దిక్కు) 315, అంటే వాయవ్యం వస్తోంది. సరేనా?

డాలస్ నుంచి

సరే. 90 నాట్లలో 2 మైళ్లంటే సుమారు 80 సెకన్లు. నీకు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, అయినా గడియారం చూసుకో. గాలి ఉత్తరానికి మారితే ఉత్తరం వైపు దిగే 36 కోసం మరో బొమ్మ గీసి ఈరోజే ఇక్కడ పెట్టు.