ప్రీ-సెటిల్డ్ స్టేటస్‌తో ఇంగ్లండులో ఉంటున్న భారతీయురాలికి పిప్ వస్తుందా?

ప్రశ్న

నమస్కారం. మా బావగారు జర్మనీ పౌరులు. 2017 నుంచి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నారు, సెటిల్డ్ స్టేటస్ (శాశ్వత నివాస అనుమతి) కూడా ఉంది. మా అక్కది భారత పాస్‌పోర్టు. వారి పెళ్ళి 2020 జనవరిలోనే జరిగినా, అమ్మ అనారోగ్యం వల్ల అక్క 2024 మార్చి దాకా ఆయన దగ్గరికి వెళ్ళలేకపోయింది. యూరోపియన్ యూనియన్ పౌరుని భార్యగా ఆమెకు ప్రీ-సెటిల్డ్ స్టేటస్ (తాత్కాలిక నివాస అనుమతి) ఇచ్చారు. వెళ్ళిన ఆరు నెలలకే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది. ఇప్పుడు స్నానం చేయాలన్నా, బట్టలు వేసుకోవాలన్నా, నాలుగు అడుగులు నడవాలన్నా ఒకరి సాయం కావాలి. దీర్ఘకాలిక జబ్బు, వైకల్యం ఉన్నవారికి ఇచ్చే భృతి పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కు, అంటే పిప్‌కు, దరఖాస్తు చేస్తే, గత 156 వారాల్లో కనీసం 104 వారాలైనా ఆమె దేశంలో ఉండలేదన్న ఒక్క కారణంతో తిరస్కరించారు. ఉత్తరం వచ్చి పది రోజులైంది. ప్రీ-సెటిల్డ్ వాళ్ళకు ఏ భృతీ రాదని, మళ్ళీ అడిగితే స్టేటస్‌కే ముప్పని తెలిసినవాళ్ళు అంటున్నారు. అక్క భయపడి ఇక వదిలేద్దామంటోంది. నిజమేమిటో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

ముందుగా ఆ భయం పోవాలి. ఉద్యోగ వీసా మీదో, సాధారణ స్పౌజ్ వీసా మీదో వచ్చినవారికి ప్రభుత్వ నిధులు తీసుకోరాదన్న షరతు ఉంటుంది, పిప్ కూడా ఆ నిధుల్లో ఒకటే. మీకు చెప్పినవారు బహుశా ఆ వీసాలను దృష్టిలో పెట్టుకొని ఉంటారు. ప్రీ-సెటిల్డ్ స్టేటస్‌కు ఆ షరతు లేదు కాబట్టి భృతి అడిగినందుకు ఆ స్టేటస్ పోదు.

ఇక 104 వారాల నిబంధన ఉన్నమాట నిజమే, కానీ దానికి మినహాయింపు కూడా ఉంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కుదిరిన ఉపసంహరణ ఒప్పందం, 2020 డిసెంబరు 31 నాటికే బ్రిటన్‌లో ఉండి పనిచేస్తున్న యూనియన్ పౌరులకూ వారి కుటుంబ సభ్యులకూ పాత సామాజిక భద్రతా సమన్వయ నియమాలను (దేశం మారినవారికి ఏ దేశం భృతి ఇవ్వాలో చెప్పేవి) కొనసాగించింది. ఆ నియమాల కిందికి వచ్చే వ్యక్తి బ్రిటన్‌లో స్థిరంగా నివసిస్తూ, అక్కడి సామాజిక భద్రతా వ్యవస్థతో తనకు నిజమైన, తగినంత సంబంధం ఉందని చూపగలిగితే, పిప్‌లో రోజువారీ పనులకు సంబంధించిన దైనందిన జీవన భాగానికి 104 వారాలు నిండనవసరం లేదు. ఈ సూత్రం 2011లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన స్టివార్ట్ తీర్పు నుంచి వచ్చింది. సంబంధం అంటే దరఖాస్తుదారు సొంత ఉద్యోగం ఒక్కటే కాదు, కుటుంబ సభ్యుడు అక్కడ పనిచేసి నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి కట్టే సామాజిక బీమా చందా) చెల్లిస్తూ రావడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీ బావగారి ఉద్యోగ చరిత్రే ఇక్కడ మీ అక్కగారికి బలం.

కాబట్టి తిరస్కరణ ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి నెలలోపు పునఃపరిశీలన కోరండి. "మాండేటరీ రీకన్సిడరేషన్" అనే మాట వాడి, పై మినహాయింపును స్పష్టంగా పేర్కొనండి. అప్పటికీ కాదంటే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక జాగ్రత్త చెబుతాను. పిప్‌లో దైనందిన జీవన భాగం యూరోపియన్ నియమాల ప్రకారం అనారోగ్య భృతి కిందికి వస్తుంది. అలాంటి భృతికి ఏ దేశం బాధ్యత వహించాలన్నది కూడా అధికారులు చూస్తారు. మీ బావగారికి జర్మనీలో కూడా ఉద్యోగమో, అక్కడి నుంచి పింఛనో ఉంటే సమాధానం మారవచ్చు. మా ఇంట్లో ఇలాంటి దరఖాస్తు తిరస్కరణకు గురైనప్పుడు మినహాయింపు గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. మేము పెళ్ళి ధ్రువపత్రం, జీతపు చీటీలు, పి60లు (ఏడాది జీతం, పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రాలు), అద్దె ఒప్పందం జతచేసి పంపాకే నిర్ణయం మారింది. సిటిజన్స్ అడ్వైస్ వారు ఉత్తరం రాయడంలో ఉచితంగా సాయపడతారు.

మీ అక్కగారు స్కాట్లండులో ఉండి ఉంటే అక్కడ పిప్ స్థానంలో ఇచ్చే అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్‌కు 52 వారాల్లో 26 వారాలు ఉంటే చాలు. ఒకే జబ్బు మనిషికి సరిహద్దును బట్టి ఇంత తేడా ఉండటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మూడవ సమాధానం

"ఏ భృతీ రాదు" అన్న అపోహ, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి నుంచి పుట్టి ఉంటుంది. దానికి నివాస హక్కు చూపాలి, ప్రీ-సెటిల్డ్ స్టేటస్ ఒక్కటే అందుకు సరిపోదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తేల్చింది. పిప్‌కు ఆ పరీక్షే లేదు, ఆదాయ పరిమితీ లేదు. పైగా రేపు మీ అక్కగారి కుటుంబానికి యూనివర్సల్ క్రెడిట్ అవసరమైనా, పనిచేస్తున్న యూనియన్ పౌరుని భార్యగా మీ అక్కగారికి నివాస హక్కు ఉంటుంది కనుక ఆ దారి కూడా మూసుకుపోలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బావగారికి జర్మనీలో ఇప్పుడు ఉద్యోగం గానీ పింఛను గానీ ఏమీ లేవు. 2017 నుంచి వచ్చిన పి60లన్నీ దాచి ఉంచారట. ఇవి అక్కకు చదివి వినిపించాను. ఉత్తరం ఈ వారంలోనే పంపుదామని తనే అంది.