గేదెలు గాటికి రావడం లేదు, టెస్టరు మాత్రం వెలగడం లేదు

ప్రశ్న (రాజోలు వైపు పాడిరైతు):
నమస్కారం. కొబ్బరితోటలో ఉన్న మా సావిడిలో పన్నెండు గేదెలున్నాయి. పాలు పితికే మిషను పెట్టి ఏడాదైంది. వానలు పడినప్పటి నుంచి నాలుగు గేదెలు మిషను ఆడుతున్నంతసేపూ కాళ్లు మార్చి మార్చి వేస్తూ పాలు ఎగచేపుతున్నాయి. కుడితి తొట్టిలో మూతి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంటున్నాయి. గాటి గొట్టాలకు టెస్టరు పెడితే వెలగలేదు, చెప్పులతో నిలబడి ముట్టుకుంటే నాకేమీ తెలియలేదు. నాన్నగారు దిష్టి అంటున్నారు. ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలో చెప్పగలరు.

జవాబు (ఎలక్ట్రీషియన్, అమలాపురం):
టెస్టరు వెలగలేదని కరెంటు లేదనుకోకండి. అందులోని చిన్న దీపం వెలగాలంటే పదుల వోల్టులు కావాలి. గేదెను బెదరగొట్టడానికి రెండు మూడు వోల్టులు చాలు, ఎందుకంటే అది తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడి, తడి మూతితో ఇనుప తొట్టిని తాకుతుంది. మీ కాళ్లకు చెప్పులున్నాయి, దాని కాళ్లకు లేవు. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక తీగ తొట్టి గొట్టానికీ, రెండోది గేదె వెనక కాళ్లు ఉండేచోట తడి నేల మీద పరిచిన ఇనుప పలకకూ తగిలించి చూడండి. రెండు తీగల మధ్య 500 ఓమ్‌ల రెసిస్టరు కలిపితే గేదె ఒంటికి తగిలేది దాదాపుగా తెలుస్తుంది.

తరువాత మెయిన్ ఆపి మళ్లీ కొలవండి. అప్పుడు వోల్టు పోతే తప్పు మీ మోటార్లలోనో వైరింగులోనో ఉన్నట్టు. పోకపోతే బయటి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వైపు నుంచి వస్తున్నట్టు, దానిని విద్యుత్ శాఖవారికే చెప్పాలి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే తనంతట తానే లైను ఆపేసే స్విచ్చి) మనుషుల ప్రాణానికి తప్పనిసరి, కానీ ఇలా న్యూట్రల్ నుంచి వచ్చే చిన్న వోల్టుకు అది ట్రిప్ కాదు. మన ఉప్పునేలలో ఎర్తు గొయ్యి మీది క్లాంపు తుప్పు పట్టి, చూపుకు అంటుకున్నట్టే ఉండి, చేత్తో కదిపితే ఊడిపోతుంది. మెయిన్ ఆపాకే దాన్ని ముట్టుకోండి.

జవాబు (పశువైద్య సహాయకుడు):
అన్నగారు చెప్పినది ముందు చూడండి. అయితే తప్పు అంతా కరెంటుదే అనుకోవద్దు. వాక్యూమ్ గేజి (మిషను పాలు లాగే పీల్పును చూపే మీటరు) ముల్లు మీ మిషను పుస్తకంలో ఇచ్చిన అంకె మీద నిలుస్తోందా? పైకి కిందికీ ఊగుతుంటే చన్నుకు బాధ కలిగి గేదె అలాగే ప్రవర్తిస్తుంది. చన్నుకు తొడిగే రబ్బరు లైనర్లను దాదాపు 2,500 సార్లు పితికాక మార్చాలి. రెండు క్లస్టర్లతో (ఒక గేదె చన్నులకు తగిలించే కప్పుల సెట్టు ఒక క్లస్టరు) పన్నెండు గేదెలకు రెండు పూటలా వాడితే ఏడు నెలలకే ఆ లెక్క నిండుతుంది. మీది ఏడాది దాటింది.

జవాబు (పాడిరైతు, పాలకొల్లు):
బాబూ, గడ్డి కోసే మిషను కూడా ఆ లైనులోనే ఉంటే ఒక మాట. స్విచ్చి కట్టినా దాని చక్రం ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగాక, ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకుని, చక్రం ఆకుల మధ్య కర్ర గట్టిగా దూర్చాకే కత్తిలో ఇరుక్కున్న గడ్డిని తీయండి. మా సావిడిలో పనివాడు ప్లగ్గు గోడకే వదిలేస్తే, ఎవరో చీకటిలో స్విచ్చి నొక్కారు. వాడి చెయ్యి జానెడు దూరంలో తప్పింది. అప్పటి నుంచి ప్లగ్గు జేబులోనే. ఇంకొకటి: పాల గొట్టాలలో గార పోగొట్టే యాసిడ్‌నూ క్లోరిన్ మందునూ ఒకే బకెట్టులో కలపనివ్వకండి, విషవాయువు పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు (రెండు రోజుల తరువాత):
అందరికీ ధన్యవాదాలు. మిషను ఆడుతుంటే తొట్టి దగ్గర 3.4 వోల్టులు చూపింది, మెయిన్ ఆపితే దాదాపు సున్నా. వాక్యూమ్ పంపు మోటారు కెపాసిటర్ డబ్బాలోకి వాన నీరు దిగి, లోపలి తీగ డబ్బాకు ఆనుకుంది. ఎర్తు క్లాంపు చేతిలోకే వచ్చేసింది. ఎలక్ట్రీషియన్ గారిని పిలిచి రెండూ బాగుచేయించి, గాటి గొట్టాలన్నిటినీ ఒకే ఎర్తుకు కలిపించాను. లైనర్లకు చెప్పాను, ఇంకా రాలేదు. మూడు గేదెలు ఈ పూట నెమ్మదిగా చేపాయి. నాలుగోది మాత్రం ఇంకా తొట్టి కేసి అనుమానంగానే చూస్తోంది.