పొడపత్రి నమిలాక పంచదార ఇసుకలా ఉంది, పులుపు ఉప్పు మాత్రం బానే తెలుస్తున్నాయి, ఎందుకు?

తాటిముంజ:
మొన్న మా పెద్దనాన్న చేను గట్టు మీద పొడపత్రి తీగ చూపించి రెండాకులు నమలమన్నాడు, నమిలి ఉమ్మేసి నోరు పుక్కిలించాక చెంచాడు పంచదార పోశాడు నోట్లో. ఇసుకే బాబూ! కరకరలాడుతోంది, కరుగుతోంది, తీపి మాత్రం సున్నా. పంచదార వేసిన టీ కూడా ఉత్త డికాక్షన్‌లా చేదు. కానీ నిమ్మచెక్క నాకితే పులుపు తెలిసింది, ఉప్పు తెలిసింది, మిరపకాయ బజ్జీ మంట అయితే ఇసుమంత తగ్గలేదు. నాలుక మొద్దుబారితే అన్నీ పోవాలి కదా, ఒక్క తీపే ఎలా పోయింది? కాసేపటికి మళ్ళీ వచ్చేసింది లెండి. తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

తెల్లకోటు:
నాలుక మొద్దుబారలేదండీ, తీపిని పట్టే రిసెప్టర్ ఒక్కటే ఆగింది. నాలుక మీదుండే ఒక్కో టేస్ట్ బడ్‌లో (రుచి మొగ్గలో) యాభై నుంచి వంద దాకా కణాలుంటాయి, అందులో తీపి కణం వేరు, చేదు కణం వేరు, పులుపు కణం వేరు. తీపి కణం పైన టి1ఆర్2, టి1ఆర్3 అనే రెండు ప్రోటీన్లు జంటగా ఉంటాయి. పంచదార వాటిని తగలగానే లోపల గస్ట్‌డ్యూసిన్ లాంటి జి ప్రోటీన్ (రిసెప్టర్ కబురుని కణం లోపలికి చేరవేసేది) కదిలి ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, దాంతో కణం లోపల దాచిన కాల్షియం విడుదలవుతుంది, కాల్షియం పెరగ్గానే టిఆర్‌పిఎం5 అనే ఛానల్ (కణం పొరలో ఉండే చిన్న ద్వారం) తెరుచుకుని సోడియం లోపలికొస్తుంది, కణం వోల్టేజ్ మారిపోయి ఇంకో ఛానల్లోంచి ఎటిపి బయటికి పోతుంది, పక్కనున్న నరం అందుకునేది ఆ ఎటిపినే. (అవును, స్కూల్లో ఎనర్జీ కోసం అని బట్టీ పట్టిన ఎటిపీయే, ఇక్కడ దానికి కబురు మోసే ఉద్యోగం.)
పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు పోయి ఆ టి1ఆర్3కి అతుక్కుంటాయి, అంటే మొదట్లోనే ఆగిపోయింది. చేదుకి కూడా లోపల జరిగే తతంగం ఇంచుమించు ఇదే గానీ పైన ఉండే రిసెప్టర్లు టి2ఆర్ అని వేరే, మనుషులకి అవి ఓ 25 రకాలున్నాయి. వాటినెవరూ ఆపలేదు కాబట్టి టీలో అసలు చేదు బయటపడింది.

కొత్తిమీర కట్ట:
పై ఆయన పులుపు వదిలేశారు. దానికి ఇంత గొడవ లేదు, ఓటాప్1 అనే ఛానల్లోంచి పులుపులోని ప్రోటాన్లు నేరుగా కణంలోకే దూరిపోతాయి. ఇది 2018లో గానీ తేలలేదు. ఉప్పు కూడా అంతే, ఎలుకల్లో అయితే సోడియం ఒక ఛానల్ గుండా సరాసరి లోపలికి పోతుంది. మిరప మంట అసలు రుచే కాదు, క్యాప్సైసిన్ పట్టుకునేది నొప్పి నరాల మీదున్న టిఆర్‌పివి1ని, అది వేడికి కూడా స్పందిస్తుంది కాబట్టే కాలినట్టుంటుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. మీ బజ్జీకి, పొడపత్రికి సంబంధమే లేదు.

తాటిముంజ:
సూపర్ అండీ ఇద్దరూ. ఇంకో డౌటు, తీపికీ చేదుకీ నరం దగ్గరికొచ్చేది అదే ఎటిపి అంటున్నారు కదా, మరి ఏది తీపో ఏది చేదో మెదడుకెలా తెలుస్తుంది?

తెల్లకోటు:
మంచి ప్రశ్న. ఏ కణం నుంచి వచ్చిందన్నదే లెక్క. 2005లో ఎలుకల మీద భలే ప్రయోగం చేశారు. మనకి చేదుగా ఉండే ఒక పదార్థం మామూలు ఎలుకలకి పెద్దగా తెలియదు. దాన్ని పట్టే మనిషి రిసెప్టర్‌ని ఎలుకల తీపి కణాల్లో పెడితే ఆ నీళ్ళు ఎగబడి తాగాయి, అదే రిసెప్టర్ చేదు కణాల్లో పెట్టిన ఎలుకలు ఆ నీళ్ళ జోలికే పోలేదు. పదార్థం అదే, రిసెప్టర్ అదే, మారింది కణం ఒక్కటే! పిల్లులకైతే టి1ఆర్2 జీనే పాడైపోయింది, తీపి అన్నది తెలియదు వాటికి. మా పిల్లి పాలకోవా తింటుందండీ అంటారు కొందరు, అది పాల కొవ్వు కోసం.

పెరటి తోట:
మా ఆవిడ షుగర్‌ఫ్రీ బిళ్ళతో ట్రై చేద్దామంటోంది, అదైనా తెలుస్తుందా?

కొత్తిమీర కట్ట:
తెలియదండీ, సాకరిన్ అయినా ఆస్పర్టేమ్ అయినా తగిలేది ఆ టి1ఆర్2, టి1ఆర్3 జంటకే. ఇంకోటి, తీపి తెలియనంత మాత్రాన తిన్న పంచదార ఒంట్లోకి పోకుండా ఆగదు, తాటిముంజ గారూ మీ పెద్దనాన్నకి షుగర్ ఉంటే ఆయన చెంచాలు మీరే లెక్కపెట్టండి 😄